తేలని వాదనలే నాబ్‌లయ్యాయి

ఇంట్లో కూర్చుని గిటార్ పెడల్, అంటే గిటార్ శబ్దాన్ని మార్చే, పాదంతో నొక్కే పెట్టె, తయారుచేసుకుందాం అనుకునే ఎవరికైనా ముందుగా దొరికే సలహా ఒకటుంది: ఒక్కడివే తంటాలు పడకు, ఇంకొకరిని కలుపుకో. ఒకరికి సర్క్యూట్ తెలుసు, ఇంకొకరికి కోడ్ తెలుసు, పని సగానికి సగం తగ్గుతుంది, అని. ఈ మధ్య అదే మాట ఇంకో రూపంలో విన్నాను. మేం చేసిన మల్టీ ఎఫెక్ట్ పెడల్‌ని ఓ పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇద్దరు కాబట్టే ఇన్ని పెట్టగలిగారయ్యా" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం.

ఆయన చూసింది మా మొదటి పెట్టె. శబ్దాన్ని గరుకు చేసే డిస్టార్షన్, చిక్కగా చేసే కోరస్, ప్రతిధ్వని ఇచ్చే డిలే, పెద్ద గదిలో మోగినట్టు చేసే రివర్బ్, అన్నీ ఒకే అల్యూమినియం డబ్బాలో. పైన 13 నాబ్‌లు, 4 టాగుల్ స్విచ్‌లు. నాబ్‌కీ నాబ్‌కీ మధ్య వేలు దూరదు. ఒకటి తిప్పబోతే పక్కది కదులుతుంది.

ఆ మెచ్చుకోలు నాకు మింగుడుపడలేదు. ఆ నాబ్‌లలో చాలావాటికి సంగీతంతో సంబంధం లేదని నాకు తెలుసు కాబట్టి. మా ఇద్దరికీ ఏదైనా విషయంలో పొసగనప్పుడల్లా "గొడవెందుకు, నాబ్ పెట్టేద్దాం" అనుకున్నాం. అలా ఒక్కో తేలని వాదనకీ ఒక్కో రంధ్రం పడింది డబ్బాకి. ఇద్దరు కలిసి పెడల్ చేస్తే చెడేది కీచులాటల వల్ల అని అందరూ అంటారు. మా విషయంలో చెడింది కీచులాడకపోవడం వల్ల. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకుంది ఇదే. దీనికి ఎదురు చెప్పదగ్గ మాటలు కూడా ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ఒక్కో రంధ్రం వెనక కథ

డిస్టార్షన్ దగ్గరే మొదలైంది. నాకు ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ తరహా ఇష్టం. అందులో సిగ్నల్ పెంచే చిప్ (ఆప్‌ఆంప్) ఫీడ్‌బ్యాక్ దారిలోనే డయోడ్లు కూర్చుంటాయి, అసలు సిగ్నల్ కూడా కొంత కలిసి బయటికొస్తుంది, అందుకే పిక్ ఎంత గట్టిగా కొట్టామో ఆ తేడా వినిపిస్తూనే ఉంటుంది. మావాడికి, అంటే ఈ పనిలో నా జోడీకి, ర్యాట్ అనే ఇంకో పెడల్ తరహా కావాలి. అందులో సిగ్నల్‌ని ముందు విపరీతంగా పెంచి, ఆ తర్వాత డయోడ్లతో గ్రౌండ్‌కి లాగి పైనా కిందా కోసేస్తారు. గరుకుగా, మొండిగా ఉంటుంది. రెండూ దశాబ్దాలుగా నిలబడ్డ పద్ధతులే. ఏది మంచిదో ఇద్దరం ఓ సాయంత్రమంతా మాట్లాడుకుని, చివరికి టాగుల్ పెట్టాం.

తర్వాత ఏ డయోడ్లు అన్న ప్రశ్న. మామూలు సిలికాన్ డయోడ్ 0.6 వోల్టుల దగ్గర కోత మొదలుపెడుతుంది, ఎర్ర ఎల్ఈడీ అయితే 1.7 దాకా ఆగుతుంది. నాకు మొదటిది, వాడికి రెండోది. ఇంకో టాగుల్.

తర్వాత బేస్. ట్యూబ్ స్క్రీమర్‌లో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి దాదాపు 720 హెర్ట్జ్ నుంచి కిందికి పోయేకొద్దీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గించేస్తాయి. గిటార్‌లో లావు తీగ స్వరం 82 హెర్ట్జ్. అంటే కింది తీగలకి డిస్టార్షన్ పెద్దగా అంటదన్నమాట. "గొంతు పీల్చుకుపోయింది రా దీనికి" అన్నాడు వాడు. "ఇంకా కిందికి వదిలితే కార్డ్ కొట్టినప్పుడు అంతా ముద్దైపోతుంది" అన్నాను నేను. ఇద్దరి మాటా నిజమే. బేస్ నాబ్ వచ్చింది. దాని వెనకాలే, డిస్టార్షన్‌తో శుభ్రమైన సిగ్నల్ ఎంత కలపాలో చెప్పే బ్లెండ్ నాబ్ కూడా వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు, కానీ అదీ ఏదో ఒక సర్దుబాటే అయి ఉంటుంది.

డిలే దగ్గర పంచాయితీ వేరే. వాడికి పిటి2399 చిప్ కావాలి. దాని ప్రతిధ్వనులు కొంచెం మసకగా, అంచులు అరిగినట్టు వస్తాయి. ప్రతిధ్వని ఆలస్యాన్ని 340 మిల్లీసెకన్లు దాటించి లాగితే గరగర పెరిగిపోతుంది. నేను ఎలాగూ కోరస్‌కీ రివర్బ్‌కీ ప్రాసెసర్ బోర్డు పెడుతున్నాను కాబట్టి డిలే కూడా అందులోనే రాస్తానన్నాను. "డిజిటల్ డిలే పలకదు, మోగుతుందంతే" అన్నాడు. పిటి2399 లోపల జరిగేది కూడా డిజిటలే అన్న సంగతి వాడికి నాకంటే బాగా తెలుసు. అయినా ఆ మాట అన్నాడు. చెవికి నచ్చినదాన్ని వెనకేసుకు రావడానికి మనిషి ఏ వాదనైనా ఎత్తుకుంటాడు, అందులో నేనేం తక్కువ తినలేదు. చివరికి కోడ్‌లో డిలే రాసి, ప్రతిధ్వని ఎంత మసకబారాలో చెప్పే నాబ్ ఒకటి పెట్టాం. దాని శ్రుతి ఎంత ఊగాలో చెప్పేది మరొకటి.

నాబ్‌తో తీరని గొడవ

ఇలా సాగుతున్నంతలో ఒకటి తగిలింది, దానికి నాబ్ పెట్టడం కుదర్లేదు.

అన్నీ కలిపి డబ్బాలో బిగించి ఆన్ చేస్తే, గిటార్ ముట్టుకోకుండానే స్పీకర్‌లోంచి సన్నగా "కీ..." మని ఒకే శ్రుతిలో మోత. డిస్టార్షన్ పెంచితే అదీ పెరుగుతోంది. నా కోడ్‌ని అనుమానించాడు వాడు. వాడి వైరింగ్‌ని అనుమానించాను నేను. పని పంచుకోవడంలో ఉన్న సుఖం ఇదే, తప్పెప్పుడూ పక్కవాడి వాటాలోనే ఉంటుంది.

వాడు చేసిన పని నాకు భలే నచ్చింది. ఫోన్‌లో ట్యూనర్ తెరిచి స్పీకర్ ముందు పెట్టాడు. బి స్వరం కంటే ఓ పిసరు పైన చూపించింది. పౌనఃపున్యం చూస్తే సరిగ్గా 1000 హెర్ట్జ్. కరెంటు సరఫరా నుంచి వచ్చే హమ్ అయితే 50కో 60కో, లేదా వాటికి రెట్టింపుకో ఉండాలి, పైగా ఇంత సన్నగా ఉండదు. ఇంత గుండ్రటి అంకె ఎక్కడిది? నా కోడ్‌లో ఉంది. బోర్డు సెకనుకి 48,000 శాంపిళ్లు తీసుకుంటుంది, నేను వాటిని 48 చొప్పున మూటగట్టి లెక్క చేయిస్తున్నాను. అంటే ప్రాసెసర్ సెకనుకి 1000 సార్లు లేచి, గబగబా లెక్కచేసి, మళ్లీ పడుకుంటోంది. మూటని 24 శాంపిళ్లకి తగ్గించాను. మోత సరిగ్గా ఒక ఆక్టేవ్ పైకి ఎగిరింది.

"చూశావా, నీ కోడే" అన్నాడు. నిజమే, ఆ లయ నా కోడ్‌ది. కానీ ఆ లయ స్పీకర్ దాకా ఎలా వచ్చింది? ప్రాసెసర్ లేచినప్పుడల్లా కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ కరెంటు తిరిగి వెళ్లే గ్రౌండ్ వైరూ, డిస్టార్షన్ సర్క్యూట్ గ్రౌండూ ఒకే తీగ. సన్నని తీగకి ఎంత చిన్నదైనా రెసిస్టెన్స్ ఉంటుంది కదా, దాని మీద సెకనుకి 1000 సార్లు వోల్టేజ్ అటూ ఇటూ ఊగుతుంది. డిస్టార్షన్ దాన్ని కూడా గిటార్ సిగ్నల్ అనుకుని వందల రెట్లు పెంచి పెడుతుంది. దారి వాడిది, నడక నాది.

బోర్డుకి వేరే రెగ్యులేటర్ పెట్టి, దాని ముందు చిన్న ఫిల్టర్ వేసి, రెండు గ్రౌండ్‌లనీ విడివిడిగా తీసుకెళ్లి పవర్ జాక్ దగ్గర మాత్రమే కలిపితే మోత పోయింది. పరిష్కారం చిన్నదే. అది దొరకడానికి మాత్రం నేను సోల్డరింగ్ ఐరన్ పట్టాల్సి వచ్చింది, వాడు నా కోడ్‌లో మూట సైజు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అంతవరకూ ఒకరి వాటాలోకి ఒకరం తొంగి చూడలేదు. మర్యాద అనుకున్నాం దాన్ని.

ఈ గొడవ మాకు మేలు చేసింది. ఎందుకంటే ఇద్దరం దీన్ని చివరిదాకా పడ్డాం. "మోత" అని ఒక నాబ్ పెట్టి, ఇష్టమున్నవాళ్లు తగ్గించుకోండి అనలేం కదా. మరి మిగతా వాదనల్ని ఎందుకు మధ్యలో వదిలేశాం?

చివరిదాకా వాదించి చూస్తే

ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్లాం. కొన్ని వాదనలు నిజానికి వాదనలే కావని తేలింది, కాగితం మీద లెక్క వేస్తే చాలు.

ట్రూ బైపాస్ గొడవ అలాంటిదే. పెడల్ ఆఫ్‌లో ఉంటే గిటార్ సిగ్నల్ ఏ సర్క్యూట్‌నీ తాకకుండా నేరుగా పోవాలని వాడి పట్టు. కేబుల్ భారం గిటార్ మీద పడకుండా అడ్డుండే చిన్న సర్క్యూట్, బఫర్, ఉండాలని నాది. మొదటి పెట్టెలో దీనికి కూడా ఒక టాగుల్ పెట్టాం, నవ్వొస్తుంది తలచుకుంటే. లెక్క ఇలా ఉంది. తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్ ఇండక్టెన్స్ 4 హెన్రీలు అనుకుందాం. 6 మీటర్ల కేబుల్‌కి మీటరుకి 100 పికోఫారడ్ల చొప్పున 600, పికప్ సొంత కెపాసిటెన్స్ ఓ 100. ఇవన్నీ కలిసి 3000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపు ఇస్తాయి, గిటార్‌కి ఆ కళ అక్కడి నుంచే వస్తుంది. ట్రూ బైపాస్ పెడల్ తర్వాత ఆంప్ దాకా ఇంకో 6 మీటర్లు కలిపితే ఆ మెరుపు 2200 దగ్గరికి జారిపోతుంది. పెడల్ ఏమీ చెయ్యకపోయినా కేబుల్ తన పని తాను చేసుకుపోతుంది. పైగా ట్రూ బైపాస్‌లో పెడల్ ఆపగానే డిలే ప్రతిధ్వని పుటుక్కున తెగిపోతుంది. ఈ రెండూ చూశాక వాడు ఒప్పుకున్నాడు, కానీ బఫర్ తానే చేస్తానన్నాడు. టిఎల్072 ఆప్‌ఆంప్‌తో, ఇన్‌పుట్ దగ్గర 1 మెగాఓమ్ ఉండేలా చేశాడు. నేను చేసి ఉంటే అంత నిశ్శబ్దంగా ఉండేది కాదు.

ఇంకొన్ని చెవులకే వదిలెయ్యాల్సినవి. సిలికానా, ఎల్ఈడీనా అన్నదానికి ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఒకే ముక్క రికార్డ్ చేసి, దాన్ని మళ్లీ మళ్లీ వినిపించే లూపర్ నుంచి పెడల్‌లోకి పంపాం, మూడో మనిషి టాగుల్ మారుస్తున్నాడు, మేం గోడ వైపు తిరిగి కూర్చున్నాం. మొదట ఇద్దరం ఎల్ఈడీనే ఎంచుకున్నాం. నాకు మండిపోయింది. అప్పుడు వాడే గుర్తుచేశాడు, ఎల్ఈడీ ఆలస్యంగా కోస్తుంది కాబట్టి శబ్దం పెద్దగా ఉంటుందని, పెద్దగా వినిపించేది ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుందని. తన పక్షం గెలుస్తుంటే తనే ఆ లోపం పట్టుకోవడం, ఇదిగో ఇందుకే ఇంకో మనిషి కావాలి. మీటర్ పెట్టి రెండింటి వాల్యూమ్ సమానం చేసి మళ్లీ విన్నాం. ఈసారి ఇద్దరికీ సిలికానే నచ్చింది. ఆ టాగుల్ పోయింది. అదే పరీక్ష ట్యూబ్ స్క్రీమర్‌కీ ర్యాట్‌కీ పెడితే మాత్రం ఎవరి చెవి వాళ్లదే. ఆ టాగుల్ ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా. తేడా నిజంగా ఉన్నచోట నాబ్ పెట్టడంలో నాకు అభ్యంతరం లేదు.

బేస్ నాబ్ సంగతి ఇంకా సులువుగా తేలింది. కొన్నాళ్లు ఇద్దరం మార్చి మార్చి వాయించుకుని, ప్రతి నాబ్ పక్కనా టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకున్నాం. బేస్ దగ్గర ఇద్దరి గుర్తులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అంతగా పోట్లాడుకున్న చోట! దాన్ని విప్పేసి, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ స్థానంలో 0.1 పెట్టాం. 720 హెర్ట్జ్ అన్నది 340కి దిగింది. ఎవరూ తాకని నాబ్‌లకీ ఇదే వైద్యం. నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్ విప్పి, మల్టీమీటర్‌తో దాని విలువ చూసి, దగ్గరున్న రెసిస్టర్ సోల్డర్ చెయ్యడం. బ్లెండ్ నాబ్ అలాగే వెళ్లిపోయింది.

ఎదురు చెప్పదగ్గ మాటలు

మావాడే దీనికి గట్టిగా ఎదురు చెప్పాడు. "నాబ్‌లు తగ్గించడం మనకి బాగానే ఉంటుంది, మనకేం కావాలో మనకి తెలుసు. రేపు వేరేవాడు వాయిస్తే? వాడి గిటార్ వేరు, ఆంప్ వేరు. మన చెవులకి బిగించేసి వాడికి ఇస్తే ఎలా?" అని. ఇది తీసిపారేసే మాట కాదు. హంబకర్ (రెండు చుట్టల పికప్) ఉన్న గిటార్‌కి మా 340 హెర్ట్జ్‌తో బేస్ కొంచెం ఎక్కువే అవుతుంది, నేనే విన్నాను.

దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం అనగలను. 1962లో వచ్చిన మేస్ట్రో ఎఫ్‌జెడ్-1 అనే ఫజ్ (బాగా గరుకైన డిస్టార్షన్) పెడల్ మీద ఉన్నవి రెండు నాబ్‌లు. 1966 నాటి ఫజ్ ఫేస్ మీదా రెండే. ట్యూబ్ స్క్రీమర్‌కి మూడు, ర్యాట్‌కి మూడు, ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90కి ఒకటే. వీటిని చేసినవాళ్లు కూడా ఎవరి గిటారో తెలియకుండానే చేశారు. ఎక్కడో ఒకచోట ఒక విలువ ఎంచుకుని, ఇదింతే అని దానికి కట్టుబడ్డారు. వాటి మీద వాయించినవాళ్లు తమ చేతుల్ని దానికి తగ్గట్టు మార్చుకున్నారు. వద్దనుకున్నవాళ్లు ఇంకో పెడల్ వెతుక్కున్నారు. అందరికీ సరిపోవాలని వాటిలో ఏదీ తాపత్రయపడినట్టు కనిపించదు.

ఇంకో అభ్యంతరం నాకు నేనే చెప్పుకున్నది. అంత స్పష్టమైన అభిరుచే కావాలంటే ఒక్కడే చేసుకోవచ్చుగా, ఇద్దరెందుకు? ఒంటరిగా చేసేవాళ్ల పెడల్‌లు నేను చాలానే చూశాను. వాటి మీద కూడా నాబ్‌లు తక్కువేం ఉండవు. మనిషి తనతో తాను కూడా వాదన తేల్చుకోడు. సోమవారం నచ్చింది శుక్రవారం నచ్చదు, రెండూ ఉంచేస్తాడు. గోడ వైపు తిరిగి కూర్చోబెట్టేవాడూ, "పెద్దగా ఉంది కాబట్టి బాగుందంటున్నావు" అని ముఖం మీద అనేవాడూ వాడికి ఉండడు.

మరి పెద్ద కంపెనీల మల్టీ ఎఫెక్ట్ యూనిట్లలో తెర తెరిస్తే మెనూ, మెనూలో మెనూ ఉంటాయి కదా, జనం కొంటున్నారు కదా అంటారా? అవి వేరే వస్తువులు. అందులో సెట్టింగ్ ఒకసారి దాచుకుంటే చాలు, పాదంతో నొక్కితే వచ్చేస్తుంది. మాది నాబ్ ఎక్కడుంటే శబ్దం అక్కడుండే పెట్టె. పాటకీ పాటకీ మధ్య వంగి, మసక వెలుతురులో 13 నాబ్‌లలో ఏది ఎక్కడుందో వెతుక్కోవాలంటే చూసేవాళ్లకి జాలేస్తుంది.

లోపలికి వెళ్లినవి

రెండో పెట్టె మీద 7 నాబ్‌లు, ఒక టాగుల్. వరస కూడా బిగించేశాం: ముందు డిస్టార్షన్, తర్వాత కోరస్, డిలే, రివర్బ్. డిలే ముందు పెట్టి డిస్టార్షన్ తర్వాత పెడితే ప్రతిధ్వనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నలిగిపోతాయి. అది కావాలనుకునేవాళ్లున్నారు, మా ఇద్దరిలో ఎవరూ లేరు, కాబట్టి దాని మీద స్విచ్ పెట్టే ఆలోచన కూడా చెయ్యలేదు.

అయితే మూత తీసి చూస్తే నా వాదన కొంచెం పలచబడుతుంది. బోర్డు మీద మూడు ట్రిమ్ పాట్‌లు ఉన్నాయి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో తిప్పేవి. ప్రతిధ్వని ఎంత మసకబారాలి, ఎంత ఊగాలి, కోరస్ ఎంత లోతుండాలి. ఈ మూడూ తేలలేదు. మూత కింద దాచాం. బయట నాబ్‌గా ఉన్నదాన్ని లోపల నాబ్‌గా మార్చి, తేల్చేశాం అనుకోవడం న్యాయమేనా? వాడు న్యాయమే అంటాడు, ఫ్యాక్టరీ పెడల్‌లలో కూడా ఇలాంటివి ఉంటాయి కదా అంటాడు. నాకు ఇంకా గురి కుదరట్లేదు. మా ఇంటికొచ్చినప్పుడు వాడు ఒకలా తిప్పి వెళ్తాడు, వెళ్లాక నేను మూత తీసి నాకు కావాల్సినట్టు తిప్పుకుంటాను. ఈ సంగతి వాడికీ తెలుసు. మళ్లీ వచ్చినప్పుడు స్క్రూడ్రైవర్ అడుగుతాడు.

ఆ మూడింటి కోసం ఒక ఒప్పందం చేసుకుందామని అడిగాను: డిలేలో చివరి మాట నాది, డిస్టార్షన్‌లో చివరి మాట వాడిది. ఇద్దరం ఒప్పుకునేదాకా వాదించడం, కుదరకపోతే ఎవరి గదిలో వాళ్లదే పెత్తనం. వాడు కొంచెంసేపు ఆలోచించి, అలాగైతే నీ కోడ్, నా వైరింగ్ అని మొదట పంచుకున్నట్టే కదా, మళ్లీ ఒకరి వాటాలోకి ఒకరం తొంగిచూడం కదా అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఒప్పందం అక్కడే ఆగింది.

ఇప్పుడు మూడో పెట్టెకి ఎక్స్‌ప్రెషన్ పెడల్ జాక్ పెడదామంటున్నాడు. పాదంతో ఏదైనా మార్చుకోవచ్చు అని. ఏది మార్చడానికి అని అడిగితే, "అది ముందు తేల్చుకుందాం" అన్నాడు. డబ్బాకి ఇంకా రంధ్రం పెట్టలేదు.